మెక్సికో రాయికి వెండి కళ్ళు

మా పాపకు నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. స్పీచ్ థెరపీ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ, ఒక్క మాట ఎప్పుడు వింటానా అని నా ప్రాణం కొట్టుకుపోయేది.

మనవరాలిని చూడ్డానికి మా అత్తమ్మ కరీంనగర్ నుంచి జర్మనీలో మేముండే వాల్డార్ఫ్‌కు వచ్చింది. హాల్లో పుస్తకాల పక్కనున్న రాతిబొమ్మను చూడగానే ముఖం ముడుచుకుంది. ఫ్లోమార్క్ట్ సంతలో పాత సామాన్ల మధ్య చూసి ముచ్చటపడి కొన్నాను దాన్ని. ప్రాచీన మెక్సికో శిల్పాలకు నకలు. అక్కడివాళ్ళు రాతి గొడ్డలి ఆకారాన్నే మనిషిగా మార్చేవారట. తడి ఇసుక వేసి తాడుతో కోసి కోసి, చేతులకూ కాళ్ళకూ నోటికీ గాట్లు పెట్టేవారు, అంతే. అలాంటివి అక్కడి ఓ పాత గుడి కింద కానుకలుగా పాతిపెట్టినవి కూడా దొరికాయట. కళ్ళు లేకపోవడమే నాకు నచ్చింది.

“కండ్లు లేని రాయిని ఇంట్ల ఎట్ల పెట్టుకున్నవే?” అంది అత్తమ్మ.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దాన్ని తన గదిలో దేవుళ్ళ పక్కకు మార్చేసింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, పోచమ్మకు పెట్టినట్టే వెండి కళ్ళు మైనంతో అతికించింది.

“అత్తమ్మా, అది మెక్సికోది! మన దేవత కాదు.”

“మెక్సికోల తల్లులుండరా? పోరికి మాటలు రావాలని మొక్కిన. నువ్ గమ్మునుండు.”

నాకు ఒళ్ళు మండింది. కానీ పాప అప్పటికే దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఊరుకున్నాను.

ఓ ఆదివారం పొద్దున అత్తమ్మా నేనూ వంటింట్లో ఉంటే, అత్తమ్మ గదిలోంచి సన్నటి గొంతు వినిపించింది. పరుగున వెళ్ళాను. నన్ను చూడగానే పాప నోరు మూసుకుంది. బతిమాలాను, ముద్దులు పెట్టాను, చివరికి అరిచాను. ఉలకదు, పలకదు.

భయమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. రాయిని తీసుకెళ్ళి కింద నేలమాళిగలో పడేసొచ్చాను. ఆ పూట నుంచి పాప ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి నా పంతమంతా నీరుగారిపోయింది. నేలమాళిగ మెట్లు దిగి రాయిని ఎత్తుకొచ్చాను. ఊడిపోయిన కన్నును నా చేత్తోనే అతికించాను. ఎవరేమనుకుంటే నాకేం, దండం కూడా పెట్టాను. నా బిడ్డ చేత ఒక్క మాట పలికించు తల్లీ అని ఏడ్చాను.

పాపను దాని ముందు కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయట నేలమీద కూలబడ్డాను. చాలాసేపటికి వినిపించింది, నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసిన గొంతు, తేటగా, ఒక్క తడబాటు లేకుండా.

“అమ్మ ఎల్లిపోయింది. ఇగ చెప్పు.”