రాళ్ళు కడిగిన ఉగాది

పోయిన నెల పంటి నొప్పి పడలేక తుమకూరు పోయి, ఒక పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఆ గదిలో గోడవారగా ఒక అద్దాల చేపల తొట్టి కనిపించింది. వచ్చినవాళ్ళంతా కుర్చీలు అటే తిప్పుకుని, చెంప వాచినవాళ్ళు కూడా నొప్పి మరిచిపోయి, ఆ రంగురంగుల చేపలను చూస్తూ ఉంటే, నేనొక్కణ్ణే దానికి వీపు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పేర్లు రాసుకునే అమ్మాయి జాలిపడి, నొప్పి మరీ ఎక్కువగా ఉందా అని అడిగితే అవునన్నాను. నా తప్పును ఇంకొకరి మీదికి తోసేయడం నాకు కొత్త కాదు, ఆ రోజు చేతికి దొరికింది నా పన్ను. అలా వీపు తిప్పుకోవడం వెనక ఉన్న సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. నా ఈడువాళ్ళు చదువుతారని, చదివి పోనీలే అని ఊరడించకుండా ఉంటారని నమ్మి ఇప్పుడు రాస్తున్నాను.

మాది కర్ణాటకలోని పావగడ తాలూకాలో, నాలుగడుగులు వేస్తే ఆంధ్రా వచ్చే ఊరు. వేరుశెనగ వేయడం, వాన కోసం చూడడం, వాన రాకపోతే గొర్రెలను నమ్ముకోవడం, ఇదీ మా బతుకు. మా ఇంట్లో గొర్రెలంటే అక్కే. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్దది, బడి ముఖం చూడలేదు గానీ, మందలో ఏ గొర్రె నిన్న సరిగా మేయలేదో ఈరోజు పొద్దున దొడ్డి తలుపు తీస్తూనే చెప్పేది. బేరగాళ్ళు నిడుగల్లు వైపు నుంచీ, వై.ఎన్.హొసకోట నుంచీ వచ్చేవాళ్ళు. ఆడమనిషితో గొర్రెల బేరం మాట్లాడే అలవాటు మా పక్క లేదు. అందుకని ముందు నేను నిలబడేవాణ్ణి, వెనక అక్క నీళ్ళ బిందెతోనో చీపురుతోనో ఏదో పని ఉన్నట్టు తిరిగేది. నేను గొర్రె వెన్ను తడిమి కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నట్టు నటించి, ఓరగా ఆమె వైపు చూస్తే, ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుందంటే అది అమ్మకూడదని, నడుముకు దోపుకుందంటే వదిలించుకోమని అర్థం. నలభై ఏళ్ళు అలా నడిచింది. చెయ్యి పెడితే చాలు గొర్రె కడుపు సంగతి చెప్పేస్తాడని చుట్టుపక్కల ఊళ్ళలో నాకు పేరొచ్చింది. ఆ పేరు ఎవరిదో నాకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు, రాను రాను నాకూ తెలియకుండా పోయింది.

తరువాత సోలార్ పార్కు వచ్చింది. మా చేను కూడా కౌలుకు పోయింది, బీళ్ళ చుట్టూ కంచెలు పడ్డాయి, మేపడానికి చోటు లేక మందను అమ్మేశాము. ఆఖరి గొర్రెను బండి ఎక్కించిన రోజు అక్క దొడ్డి ఊడ్చి, తడక మూసి, ఇంట్లోకి వచ్చి పడుకుంది. నాకు మాత్రం చేతిలో పని పోయిందన్న బాధకంటే, నలుగురూ వచ్చి నన్ను అడిగే అవసరం పోయిందన్న బాధ ఎక్కువగా ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేడమీది గదిలోకి పార్కులో పని చేసే ఒక ఇంజనీరమ్మ అద్దెకు దిగింది. ఉడుపి పక్క సముద్రం ఒడ్డు పిల్ల. మాతో కన్నడంలో మాట్లాడేది, నన్ను అంకల్ అనీ, అక్కను అజ్జీ, అంటే అవ్వా అనీ పిలిచేది.

ఆ అమ్మాయి సామానులో రెండడుగుల అద్దాల తొట్టి ఒకటి వచ్చింది. అందులో ఉప్పునీళ్ళు, అడుగున ఇసుక, సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళు, వాటి మధ్య ఒకే ఒక చేప. బొటనవేలంత ఉంటుంది. నీలం ఒంటిమీద నారింజ గీతలు మెలికలు తిరిగి, మొళకాల్మూరు పట్టుచీర అంచు ఎవరో కత్తిరించి నీళ్ళలో వదిలినట్టుండేది. మాండరిన్ చేప అంటారని చెప్పింది. మిగతా చేపల్లాగా అది పైకొచ్చి మేత అందుకోదు. రాయి రాయికీ నెమ్మదిగా పాకుతూ, కంటికి కనిపించీ కనిపించని పురుగులను ఒక్కొక్కటే ఏరుకుని తింటుంది. చిన్న తొట్టిలో ఆ పురుగులు త్వరగా అయిపోతాయి కాబట్టి ఆ అమ్మాయి వాటిని సీసాల్లో తెప్పించి వదిలేది, అవి చాలక రోజూ మేత పుట్టించేది. తలకిందులుగా కట్టిన సీసాలో ఉప్పునీళ్ళు పోసి, రాగిపిండిలాంటి సన్నటి రొయ్యపురుగుల గుడ్లు చిటికెడు వేసి, గాలి గొట్టం పెడితే, మర్నాటికి నారింజ రంగు నలుసులు కదులుతూ ఉండేవి. వాటిని గుడ్డలో వడకట్టి, తొట్టి మోటారు ఆపి, చుక్కల మందు వేసినట్టు చేప ముందర వదిలేది. అక్క దాన్ని చూడడానికే రోజూ మెట్లెక్కేది. మంద పోయిన తరువాత ఆమె మొహంలో కళ కనిపించింది ఆ తొట్టి ముందరే.

ఆ చలికాలం చివర ఇంజనీరమ్మను రెండు నెలల పనిమీద ఉత్తరాన ఎక్కడికో పంపించారు. తొట్టిని కిందికి దింపి మా నడవలో పెట్టి, ఎవరు చూసుకుంటారని అడిగితే, అక్క నోరు తెరిచేలోగా నేను చూసుకుంటానన్నాను. అరవై గొర్రెలను సాకినవాడికి ఈ వేలెడు చేప ఒక లెక్కా అని నవ్వాను కూడా. ఆ అమ్మాయి వారం రోజులు దగ్గరుండి నేర్పించి, చేయవలసినవీ చేయకూడనివీ కన్నడంలో కాగితం మీద రాసి గోడకు అంటించి పోయింది. ఆవిరైన నీళ్ళకు బదులు ఫిల్టర్ నీళ్ళే పోయాలి, మన బోరు నీళ్ళు పనికిరావు. పొడి మేత దీనికి పట్టదు. రాళ్ళ మీది పాచి కడగకూడదు, దీని తిండి దాంట్లోనే ఉంది. రోజూ పక్కనుంచి కడుపు చూడాలి, లోపలికి నొక్కుకుపోతే వెంటనే ఫోన్ చేయాలి. నేను కన్నడం బడిలో చదివినవాణ్ణి, అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

పది రోజులు బుద్ధిగా చేశాను. తరువాత సీసాలోంచి నీచు వాసన వస్తోందనీ, కిటికీ గట్టంతా ఉప్పు పేరుకుంటోందనీ విసుగు పుట్టింది. హిందూపురం పోయినప్పుడు చేపల మేత డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, పొద్దునా సాయంత్రం చిటికెడు చల్లడం మొదలుపెట్టాను. చేప రాళ్ళ మీద తిరుగుతూ నోరు ఆడిస్తూనే ఉంది కదా, తింటోందనుకున్నాను. తొట్టి చూడడానికి జనం రావడం మొదలైంది. హొసకోట బంధువులు వచ్చినప్పుడు వాళ్ళ ముందు మేత చల్లి, చూడండి ఎట్లా తింటోందో అని చెప్పి, సముద్రపు చేపలను గురించి నాకు తెలిసిందీ తెలియనిదీ గంటసేపు మాట్లాడాను. మళ్ళీ నలుగురి మధ్యలో నిలబడ్డాను, అది నాకు ఎంత బాగుందో చెప్పలేను.

ఉగాదికి మూడు రోజుల ముందు ఇల్లు కడిగే పని పడింది. మన ఇళ్ళల్లో ఉగాది ముందర దుమ్ముపట్టిన వస్తువు ఒక్కటి మిగలకూడదు. అటక మీది బిందెలు, దేవుడి పటాలు, తలుపుల సందులు, అన్నీ అక్క చేతుల మీదుగానే తేలుతాయి. ఆ ఏడు నా వంతుకు తొట్టి వచ్చింది. పండుగకు వచ్చేవాళ్ళు ఆ పాచిపట్టిన రాళ్ళు చూసి ఏమనుకుంటారన్నది నా దిగులు. గోడమీద కాగితం నా భుజం ఎత్తులోనే ఉంది. రాళ్ళన్నీ బయటికి తీసి, కొబ్బరిపీచుతో తోమి, ఫిల్టర్ నీళ్ళతో రెండుసార్లు కడిగి తెల్లగా మెరిసేటట్టు చేశాను. ఫిల్టర్ నీళ్ళే వాడాను కాబట్టి ఏమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క చీపురు చేతిలో పట్టుకుని వచ్చి, "దాని తిండంతా కడిగి పారేస్తాండావేమో అబ్బీ, ఆయమ్మ వద్దని చెప్పిపోయింది గదా" అంది. నీకు చదువు వచ్చా, నీవు కాగితం చదివావా అన్నాను.

రెండు రోజులు తొట్టిలో నీళ్ళు మసకబారి మళ్ళీ తేటపడ్డాయి. పండుగకు వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ తరువాత వారానికి అక్క మళ్ళీ వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "నోరైతే ఆడిస్తాండాది గానీ కడుపులోకి ఏమీ పోలేదురా, ఎండిపోతాండాది ఇది" అంది. నేను వినలేదు. నాకు తెలియక కాదు, అదే నా సిగ్గు. కరువు ఏళ్ళలో గొర్రెలు పొద్దంతా తల వంచుకుని బీడు నేలమీద మూతి ఆడిస్తూనే ఉంటాయి, దూరం నుంచి చూసేవాడు మేస్తున్నాయనే అనుకుంటాడు, దగ్గరికి పోయి వెన్ను తడిమినవాడికే నిజం తెలుస్తుంది. ఈ మాట నేను ఎంతమంది బేరగాళ్ళకు చెప్పి ఉంటానో. అక్క ఇంకో రెండుసార్లు చెప్పింది, ఆయమ్మకు ఫోన్ చెయ్యమని కూడా అంది. ఫోన్ చేస్తే రాళ్ళు కడిగిన సంగతి బయటపడుతుందని చేయలేదు.

ఇంకో పదిరోజులకు, ఒక మధ్యాహ్నం, చేప ఇసుకమీద పక్కకు ఒరిగి కనిపించింది. రంగులు అలాగే ఉన్నాయి. గరిటెతో పైకి తీసి అరచేతిలో పెట్టుకుంటే తల వెనక ఒళ్ళంతా లోపలికి పోయి, కడుపున్న చోట గుంట. గొర్రెలవాణ్ణని పేరు మోసిన నేను ఆ వెన్నుమీద వేలు పెట్టి చూసింది అప్పుడు.

వారం తరువాత ఇంజనీరమ్మ దిగింది. కరెంటు పోయిందని చెబుదామనుకున్నాను, కానీ పోయినా నడిచేటట్టు బ్యాటరీ అమర్చిపోయింది తనే. ఆ అమ్మాయి తొట్టి ముందు నిలబడి తెల్లటి రాళ్ళ వైపు చూసి, ఎవరు కడిగారని మెల్లగా అడిగింది. అక్క వంటింటి గడపలో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడకుండానే, పండుగకని మా అక్క కడిగేసింది, పెద్దావిడ, చదువు రాదు కదా, తెలియక చేసింది అన్నాను. కన్నడంలో అన్నాను, కానీ మా అక్కకు కన్నడం మాతృభాషంత బాగా వచ్చు.

నేను అనుకున్నదేమిటంటే, అక్క కేక వేస్తుందని. వేయలేదు. ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుని, వంటింటి దాకా పోయి, అక్క రెండు చేతులూ పట్టుకుని, పరవాలేదు అజ్జీ, మీరేం బాధపడొద్దు, మీకెట్లా తెలుస్తుంది అని ఓదార్చింది. అక్క ఆ చేతుల్లో చేతులుంచి, "తెల్లేదమ్మా" అంది, అంతే. ఆ ఒక్క మాటతో నన్ను కాపాడింది. ఆ పూట అన్నం కూడా ఎప్పటిలాగే వడ్డించింది, నేను తిన్నాను, ఎట్లా తిన్నానో.

నెల తిరక్కముందే ఇంజనీరమ్మకు బదిలీ అయ్యి గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అక్క ఆ తరువాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. దేని గురించి అడిగినా, పెరట్లో మొక్క వాడిపోయినా, పక్కింటి బర్రె పాలు తగ్గించినా, "నాకేం తెలుస్తాది, నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చూడప్పా" అని లోపలికి పోయేది. ఆ మాటలో ఎత్తిపొడుపు కూడా ఉండేది కాదు. నలభై ఏళ్ళు నా వెనక నిలబడి నాకు దారి చూపించిన మనిషి చూపించడం మానేసింది, దాన్ని ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

పళ్ళ డాక్టరు దగ్గరి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం, చెంపలో మొద్దుతనం ఇంకా వదలకముందే, అక్క పక్కన కూర్చుని, ఆ రోజు నేను చెప్పింది తప్పు, నీమీద వేయకుండా ఉండాల్సింది అన్నాను. ఇన్నేళ్ళు మోసిన మాట దించేశానని, ఆమె ఏడుస్తుందనో కోప్పడుతుందనో ఎదురుచూశాను. ఆమె చేటలో చెరుగుతున్న రాగులు పక్కన పెట్టి నా మొహం కేసి చూసి, "నాకెందుకు చెప్తాండావు, నాకు తెలిసిందే గదా. ఆయమ్మకు చెప్పినావా?" అని అడిగింది. లేదన్నాను. "పాపం, చేప పోయిన బాధ ఆయమ్మదైతే, నన్ను ఓదార్చి పోయింది" అని మళ్ళీ చేట అందుకుంది.

మా చిన్నప్పుడు ఇటువంటి వాటికి దాక్కోవడానికి బోలెడు చోట్లుండేవి. ఉత్తరం అందలేదనవచ్చు, అడ్రసు తెలియదనవచ్చు, బస్సు తప్పిపోయిందనవచ్చు, ఆలోగా ఏళ్ళు గడిచి అందరూ మరిచిపోయేవాళ్ళు. ఇప్పుడు అవన్నీ పోయాయి. ఆ అమ్మాయి పేరు నా ఫోనులో ఉంది, పండుగ పండుగకూ శుభాకాంక్షలు పంపిస్తుంది, వాటి కింద ప్రతిసారీ అజ్జీ బాగున్నారా అని రాస్తుంది. బాగున్నారు అని జవాబు పెడతాను. దానికి ఒక వేలు చాలు. రెండో మాట రాయడానికి కూడా ఆ వేలే చాలు, కానీ నెల రోజులుగా నేను రాసింది మీకే గానీ ఆమెకు కాదు. మీరు చదవగలరు, ఆమెకు తెలుగు చదవడం రాదు, మా అక్కకు చదువే రాదు. ఇది కూడా చూసుకునే మొదలుపెట్టినట్టున్నాను.