మైకమ్మ చదవని పేజీ

ఆమె గొంతులో ఏడుపూ ఉండదు, నవ్వూ ఉండదు. పెద్ద బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పింది. బస్సొచ్చినా అదే గొంతు, రాకపోయినా అదే గొంతు. ఒకసారి తన గదిలోనే వైర్లు అంటుకుని పొగ కమ్ముకుంటే, "ప్రయాణికులు దయచేసి ఎనౌన్స్‌మెంట్ గది వైపు రావద్దు" అని రెండుసార్లు చెప్పి, మైకు ఆపి, చేతిసంచీ తీసుకుని బయటికొచ్చింది. అప్పట్నుంచీ బస్టాండులో అందరికీ ఆమె మైకమ్మ.

నిజానికి ఆమెని తీసుకుంది మైకు కోసం కాదు. ఉద్యోగం విచారణ కౌంటర్లో. మొదటిరోజు మేనేజరు ఆమెని ఎగాదిగా చూసి, "నీ గొంతు చాలా బాగుందమ్మా, మైకు గదిలో కూర్చో" అన్నాడు. అప్పటికి ఆమె ఇంకా నోరు తెరవలేదు. కౌంటర్లో ఎర్రగా బుర్రగా ఉన్న ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారు. మైకు గదికి కిటికీ లేదు.

ఆమెకి అదేం కొత్త కాదు. పుట్టినప్పుడే చుట్టాలు ఉయ్యాలలోకి తొంగిచూసి "కాకిపిల్ల కాకికి ముద్దు" అని తల్లిని ఓదార్చి వెళ్ళారట. "నలుపు నారాయణ మెచ్చు" అని మేనత్త అంటుండేది. మెచ్చినాయన సంబంధం మాట్లాడడానికి మాత్రం ఎప్పుడూ రాలేదు. చివరికి మెచ్చింది తాళాలు బాగుచేసే ఒకాయన. వంద తాళంచెవులు ముందు పోసినా ఏది ఏ తాళానిదో చీకట్లో తడిమి చెప్పగలడు గానీ, పెళ్ళాంతో ఎలా మాట్లాడాలో మాత్రం తెలియదు. మొదటి వారంలోనే ముద్దుగా "నల్లపిల్లా" అన్నాడు. అదే ఖాయమైపోయింది. కూతురి పెళ్ళిలో వియ్యంకుడి ముందు కూడా అలాగే పిలిచాడు. వియ్యంకుడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ముద్దు తెలియని మనిషంటారు.

బస్టాండులో తప్పిపోయిన పిల్లల చీటీలు ఆమె చేతికే వచ్చేవి. చీటీలో వయసు, బట్టలు, రంగు అని ఉండేది. మొదటి రెండూ చదివి, మూడోది ఎప్పుడూ చదివేది కాదు. గౌనుకి ఎర్రచుక్కలున్నాయని చెప్తే చాలు, పిల్ల దొరుకుతుంది. దొరికేది కూడా. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, రెండు వీధుల అవతల చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు రికార్డు చేసే గ్రంథాలయంలో చేరింది. గది గోడలకి పాత కంబళ్ళు కొట్టి ఉంటాయి. చప్పుడొస్తుందని ఫ్యాను తిప్పరు. అక్కడి ఇన్‌ఛార్జి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఉక్కకి అలా ఆరిపోయాడని అందరి నమ్మకం. అక్కడ ఒక నియమం ఉంది. ప్రతి పేజీ మొదట్లో దాని అంకె చెప్పాలి, వినేవాళ్ళు మళ్ళీ వెతుక్కోవడానికి. బొమ్మ ఉంటే "ఇక్కడ బొమ్మ ఉంది" అనాలి. ఇంకేమీ కలపకూడదు, ఏదీ తీసేయకూడదు. మైకమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇది బస్సుల పట్టికే, బస్సులు తప్ప.

అక్కడ ఇంకొకాయన కూడా చదివేవాడు. ఒకప్పుడు నాటకాలు వేశాడు. పాత్ర చచ్చిపోతే ఆయన కూడా సగం చచ్చి లేచేవాడు. కరెంటు బిల్లు కట్టే పద్ధతి చదవమన్నా చివర్లో గొంతు పూడిపోయేది.

ఒకరోజు ఇన్‌ఛార్జి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి మైకమ్మ ముందు పెట్టాడు. "ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేసే అమ్మాయి అడిగింది. మీరే చదవాలందట."

సముద్రాల అవతలి దేశంలో ఒక నల్లావిడ, తనవాళ్ళు నాలుగు తరాలుగా పడ్డదంతా అందులో రాసుకుంది. మనుషుల్ని పళ్ళు చూసి అమ్మడం, కొనడం. పారిపోయినవాళ్ళ వెంట కుక్కల్ని వదలడం. తరవాత చట్టం మారితే వేరే కుళాయిలు, వేరే బెంచీలు, వేరే శ్మశానాలు. మైకమ్మ అన్నీ అదే గొంతుతో చదివింది. చదివిన భాగం చదివినట్టు టెలిఫోన్ అమ్మాయికి పంపించేవాళ్ళు.

గొంతు బాగానే ఉంది. మనిషే బాగా లేదు. ఇంటికొచ్చి పాలు పొయ్యిమీద పెట్టి అవి మాడేదాకా చూస్తూ నిలబడింది. వీధి కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా చెయ్యి చాచలేదు. వెనకావిడ, "ఏమ్మా, కుళాయికి మొక్కుకున్నావా?" అంది.

ఆ సాయంత్రం భర్త తాళంచెవి ఆకురాయితో అరగదీస్తుంటే, పక్కన కూర్చుని పుస్తకంలో సంగతులు చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"అయ్యో పాపం. ఎప్పుడు జరిగింది?"

"చాలాకాలం కింద. ఇప్పుడూ జరుగుతోంది."

"ఎక్కడ?"

"చాలా దూరం."

"మరింకేం. అంత దూరం నుంచి దుఃఖం మోసుకొస్తే నడుం పడిపోదూ?" తాళంచెవి దీపానికెత్తి చూసి, "తిందాం పద, నల్లపిల్లా" అన్నాడు.

ఎక్కడో జరిగిన అన్యాయానికి మనం చప్పున కళ్ళు తుడుచుకుంటాం. ఇంట్లో ఉన్నదానికి ముద్దుపేరు పెట్టుకుంటాం. మైకమ్మకి ఇది ఇంత స్పష్టంగా తట్టలేదు. ఆ రోజు ముద్ద మాత్రం దిగలేదు.

మర్నాడు ఇన్‌ఛార్జితో చెప్పుకుంది. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక మందుంటుంది. "బరువు పుస్తకం ఒకరోజు, తేలిక పుస్తకం ఒకరోజు చదవండి" అని తోటపని పుస్తకం ఇచ్చాడు. అందులో మొదటి అధ్యాయమంతా నల్లమట్టి ఎంత మంచిదో రాశారు. ఎంత నల్లగా ఉంటే అంత సారమట. పుట్టినప్పట్నుంచీ తను విన్నవాటిలో నలుపుకి పడిన మొదటి మంచి మార్కులు అవేనని లెక్క తేలింది. మనసేం తేలిక పడలేదు.

ఆ తరవాతి రోజు నూట పన్నెండో పేజీ వచ్చింది.

ఆమెకి బస్టాండు అలవాటు ఒకటుంది. నోరు తెరిచేముందు కింది వాక్యం మీద ఓసారి కళ్ళు పరిగెత్తిస్తుంది. ఆ పేజీలో కుక్కల్లేవు, కొరడాల్లేవు. ఒక తల్లి, బడిలో చేర్చే ముందురోజు కూతుర్ని స్నానానికి కూర్చోబెట్టింది. బట్టల సోడా వేసి పీచుతో రుద్దుతోంది. మోచేతి దగ్గర నెత్తురు కనబడేసరికి పీచు పక్కన పడేసి ఏడ్చింది. పిల్ల తల్లి గడ్డం పట్టుకుని, "ఊరుకో అమ్మా, రేపు ఇంకాస్త రుద్దుదువుగాని" అంది.

మైకమ్మ మోచెయ్యి దానంతటదే చీరకొంగు కిందికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ పీచు ఇంకొంచెం గట్టిది. వాళ్ళమ్మ చెడ్డదేం కాదు. ఆ మాటకొస్తే తన పిల్లలందరిలోకీ ఈమెనే ఎక్కువ ప్రేమించింది. అందుకే ఎక్కువ రుద్దింది.

"నూట పన్నెండో పేజీ" అని చెప్పింది మైకమ్మ. కళ్ళు పక్క పేజీకి జరిపింది. "నూట పదమూడో పేజీ" అని చెప్పి చదువుకుంటూ పోయింది.

పేజీ ఎగ్గొట్టేవాళ్ళు ఇంకెవరైనా అంకె కూడా ఎగ్గొట్టేవాళ్ళు. ముప్పై ఏళ్ళు, రద్దయిన బస్సు నంబరు కూడా విధిగా చెప్పిన మనిషి, చెప్పకుండా ఉండలేకపోయింది. ఇన్‌ఛార్జి చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎదురుగానే ఉన్నాడు. చొక్కా గుండీ కుట్టుకుంటూ గమనించలేదు.

వారం తిరక్కుండా గ్రంథాలయానికి ఫోనొచ్చింది. ఇన్‌ఛార్జి మైకమ్మకి అందించాడు.

"ఆంటీ, నేను, ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు. నూట పన్నెండో పేజీలో ఏముంది?"

"ఏం లేదమ్మా."

"ఖాళీ పేజీయా?"

"బొమ్మ."

"బొమ్మయితే 'ఇక్కడ బొమ్మ ఉంది' అంటారుగా?"

"అచ్చు సరిగ్గా పడలేదు."

"అబద్ధం కూడా అదే గొంతుతో చెప్తారా? భలే ఉన్నారే."

మైకమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. తరవాత, "కాస్త బరువైన పేజీ. నీకెందుకులే అనుకున్నాను" అంది.

"ఆంటీ, మీవాళ్ళు పోయారు, వచ్చి తీసుకెళ్ళండి అని ఇళ్ళకి ఫోన్ చేసేది నేనే. నాకు బరువు గురించి చెప్తున్నారా?" అటువైపు ఇంకో ఫోను మోగింది, ఆ అమ్మాయి ఎవరినో ఆగమని మళ్ళీ వచ్చింది. "మా నాన్న పోయినప్పుడు పాలవాడికి కూడా చెప్పి, నాకు ఆఖర్న చెప్పారు. కళ్ళులేని పిల్ల తట్టుకోలేదని. నేను గదిలోకి రాగానే అందరూ మాట మార్చేస్తారు. పుస్తకమైనా మార్చదనుకున్నాను."

"తప్పే."

"తప్పొద్దు, పేజీ కావాలి. లేకపోతే మిగతాది కూడా పంపకండి. ఇంకేం ఎగ్గొట్టారో అని వెతుక్కుంటూ నేను వినలేను."

మైకమ్మ ఫోన్ పెట్టేసి ఇన్‌ఛార్జికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నెత్తి గోక్కుని, "మీకు కష్టమైతే పుస్తకం నాటకాలాయనకిచ్చేద్దాం" అన్నాడు.

నాటకాలాయన అక్కడే ఉన్నాడు. "ఇలా ఇవ్వండి. ఏ పేజీ? పిండేస్తాను!"

ఇచ్చేస్తే గొడవ వదిలిపోయేదే. ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ఆ స్నానాల గదిలోకి ఈయన కండువా సర్దుకుంటూ వెళ్ళడం ఊహించుకుంది. పుస్తకం సంచిలో పెట్టేసింది. "నేనే చదువుతాను. ఆ అమ్మాయిని కూడా రమ్మనండి" అంది. ఎందుకు రమ్మందో ఆమెకీ తెలియదు.

సెలవురోజున టెలిఫోన్ అమ్మాయి మడతకర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని గదిలో ఓ మూల కూర్చుంది. "ఏంటి ఇంత ఉక్క? పుస్తకాలు చదువుతారా, ఉడకబెడతారా?" అంది. ఇన్‌ఛార్జి ఇష్ అన్నాడు.

"నూట పన్నెండో పేజీ" అంది మైకమ్మ. ఆగింది. మళ్ళీ "నూట పన్నెండో పేజీ" అంది. మూడోసారి కూడా అంది.

"ఆంటీ, బస్సు బయల్దేరదా?"

"నా వల్ల కాదేమోనమ్మా. పోనీ నాటకాలాయన..."

"వద్దు! ఆయన చదివితే నాకు ఏడవడానికి చోటుండదు. ఏడుపంతా ఆయనే ఏడ్చేస్తాడు. మీరు ఏడవరు కాబట్టే మీరు కావాలన్నాను." కాస్త ఆగి అడిగింది. "ఆ పేజీలో ఎవరున్నారు?"

"ఒక పాప."

"మీకు తెలిసిన పాపా?"

మైకమ్మ పేజీ అంచు వేలితో సవరించింది. చేతిలో ఏదో చీటీ ఉన్నట్టనిపించింది. వయసు, బట్టలు, రంగు. ఇన్నేళ్ళూ మూడోది చదవకుండా ఎంతమంది పిల్లల్ని ఇళ్ళకి చేర్చిందో. కానీ ఈ పిల్లకి ఒంటిమీద గౌను లేదు, నీళ్ళ పీట మీద కూర్చుంది. ఆనవాలు ఆ మూడోదొక్కటే. అది చెప్పకపోతే ఈ పిల్లని ఎవరూ వచ్చి తీసుకెళ్ళరు.

నాలుగోసారి అంకె చెప్పి చదివింది. తల్లి, సోడా, పీచు, మోచెయ్యి. తప్పిపోయిన పిల్ల ఆనవాళ్ళు చెప్పినట్టు, ఏదీ వదలకుండా, అదే గొంతుతో. "ఊరుకో అమ్మా" దాకా వచ్చి ఆగిపోయింది. తరవాత "రేపు ఇంకాస్త రుద్దుదువుగాని" అని, కింది వాక్యాలు కూడా చదివి, "నూట పదమూడో పేజీ" అంది.

ఇన్‌ఛార్జి మిషను ఆపాడు. "మధ్యలో ఖాళీ వచ్చింది, కత్తిరించేస్తాను."

"ఉంచండి. అక్కడే నేను ఏడ్చాను" అంది టెలిఫోన్ అమ్మాయి.

"కానీ అందులో నేను ముక్కు చీదిన చప్పుడు పడిందమ్మా" అన్నాడు ఇన్‌ఛార్జి.

"అదీ ఉంచండి."

మైకమ్మ ఆ అమ్మాయిని బస్సెక్కించి, నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. పుస్తకంలో ఇంకా సగం మిగిలే ఉంది, బరువు అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని రెండోవైపు ఎవరో పట్టుకున్నారు.

భర్త గుమ్మంలో కూర్చుని పనిముట్లు సర్దుకుంటున్నాడు. తలెత్తకుండానే, "వచ్చావా నల్లపిల్లా? ఆకలేస్తోంది" అన్నాడు.

ఆమె చెప్పులు విడిచి, సంచీ గోడకి తగిలించి, ఆయన వైపు తిరిగింది.

"ప్రయాణికులకు గమనిక. నల్లపిల్ల అనే సర్వీసు ఈ రోజు నుంచి శాశ్వతంగా రద్దు చేయబడింది. ప్రయాణికులు ఈ మార్పు గమనించగలరు." బస్టాండు పద్ధతిలో రెండోసారి కూడా చెప్పింది.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఏమైంది? ముద్దుకే కదా అంటాను?"

"తెలుసు. మా అమ్మ రుద్దిందీ ముద్దుకే."

ఆయనకి సగమే అర్థమైంది. చేతిలోని ఆకురాయి అటూ ఇటూ తిప్పాడు. "మరేమని పిలవమంటావు?"

"పెళ్ళి శుభలేఖలో ఏదో ఉండేది, గుర్తు తెచ్చుకో."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఎన్నో ఏళ్ళుగా తెరవని పెట్టె ఎవరో తెచ్చి ముందు పెట్టినట్టు మొహం పెట్టాడు. పెదాలు ఒకసారి కదిపి చూసుకున్నాడు. తరవాత, తుప్పుపట్టిన తాళంలో చెవి విరక్కుండా తిప్పేటప్పటి జాగ్రత్తతో, మెల్లగా ఆమె పేరు పలికాడు.

"ఆఁ, చెప్పు" అంది ఆమె.

"ఆకలేస్తోంది."

"నాకూ వేస్తోంది. లేచి కంచాలు పెట్టు" అని ఆమె లోపలికెళ్ళింది.