తాత మాట మీద తెల్లకాగితం

మా దుకాణం ఎదురుగోడకు ఎన్నికల పోస్టర్లు అంటిస్తున్నారు. బకెట్లో ఉడికిన మైదాపిండి, అందులో ముంచిన చీపురుకట్ట. ఆ వాసన రోడ్డు దాటి వచ్చేసరికి కీబోర్డు మీద నా చేతులు ఆగిపోయాయి. ఉడికిన మైదా వాసనకు మిగతావాళ్లకు ఏమవుతుందో గానీ, నాకు మాత్రం సిగ్గేస్తుంది. ఆ సిగ్గు వెనకాలే ఒక పెద్దామె నవ్వు గుర్తొస్తుంది. ఆమె పేరు సువార్తమ్మ. దేవరకొండ చుట్టుపక్కల బడుల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. నేను ఆమె దగ్గర బడిలో చదువుకోలేదు. నలభై దాటాక, నా సొంత దుకాణంలో, నా సొంత కుర్చీలో కూర్చుని చదువుకున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. బస్టాండు దగ్గర నాది టైపింగు, జిరాక్సు దుకాణం. పేరు అంజయ్య అయినా ఊళ్లో అందరూ కోతల అంజయ్య అంటారు. ఖిల్లా మీద నేను ఎగరేసిన గాలిపటం ఎక్కడో దూరాన ఉన్న కోస్గి సంతలో దొరికిందని చెప్పింది నేనే. నందికొండ డ్యాం నీళ్లలో నా గాలానికి చిక్కిన చేప నన్ను ఆంధ్రా ఒడ్డుదాకా ఈడ్చుకుపోయిందని, అక్కడ చాయ్ తాగి డ్యాం మీదుగా నడిచొచ్చానని చెప్పిందీ నేనే. అబద్ధమని వినేవాళ్లకు తెలుసు, చెప్పే నాకూ తెలుసు. జిరాక్సు మిషను వేడెక్కేలోగా నాలుగు నవ్వులు నవ్వుకుని పోయేవాళ్లు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానకాలంలో ఆమె మొదటిసారి మా దుకాణానికి వచ్చారు. చేతిలో బియ్యం సంచి. అందులో బియ్యం లేవు, పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసుకున్న చేతిరాత ఉంది. పుస్తకమట, టైపు చేయాలట. దేని గురించి అంటే రైలు గురించి అన్నారు. మా దేవరకొండకు రైలే లేదు. రైలు లేని ఊళ్లో రైలు పుస్తకం ఎవరు చదువుతారని నవ్వాను.

"రైలు లేనోళ్లకే తెల్వాలె అంజయ్యా, అది ఉన్నోళ్లకు ఎట్లొచ్చిందో," అన్నారు.

అది నిజాం కాలం నాటి బేరాల కథ. లండన్‌లో సొమ్మున్నవాళ్లు పెట్టుబడి పెట్టాలి, నిజాం రాజ్యంలో రైలు నడవాలి. రాజ్యం తరఫున దివాను ఒక దారి అడుగుతాడు. ఇంగ్లీషు సర్కారు మనిషిగా హైదరాబాదులో కూర్చున్న రెసిడెంటు ఇంకో దారి చూపిస్తాడు. లండన్ కంపెనీకి దారితో పని లేదు, రైలుకు నష్టమొచ్చినా తమ వడ్డీకి రాజ్యం పూచీ పడితే చాలు. ఏళ్ల తరబడి ఉత్తరాలు, విందులు, అలకలు. ఆ పాత ఉత్తరాల కోసం టీచరమ్మ హైదరాబాదుకు బస్సులో తిరిగి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ చేత్తో ఎత్తిరాసుకున్నారు.

ఎందుకింత కష్టమంటే, వాళ్ల తాత బాలయ్య పాలమూరు మీదుగా వేసిన లైనులో మట్టి మోశాడు. సెంటు భూమి లేని మనిషి. చదువు రాదు. ఆయన గంపలతో పోసిన కట్ట మీద ఇప్పటికీ రైళ్లు పోతున్నాయి. ఇన్ని ఉత్తరాల్లో ఆయనగానీ, ఆయనలాంటివాళ్లుగానీ ఒక్కచోటైనా కనిపిస్తారేమోనని ఆమె వెతికారు. కనిపించలేదు. ఆ కనిపించకపోవడాన్నే పుస్తకంగా రాస్తున్నారు. మొదటి పది పేజీలు నా చేతిలో పెట్టి ఒకమాట చెప్పారు.

"మనసొంటోళ్లు రాస్తే కట్టుకథ అంటరు. ఒక్క అబద్ధం దొరికినా సాలు, మిగిలిన నిజమంత గంగల కలుస్తది. జర చూసి కొట్టు."

చూసే కొట్టాను, చాలాకాలం. శుక్రవారం శుక్రవారం పది పేజీలు తెచ్చేవారు. ఒకసారి నాకు ఒక సంగతి తలకెక్కలేదు. లాభనష్టాలు ఎరిగిన దివాను అలాంటి పూచీకి ఎలా ఒప్పుకున్నాడని అడిగాను. ఆమె దుకాణంలో ఉన్న మూడు కుర్చీలు ఎదురెదురుగా జరిపి, వాటి పక్కన ఒక స్టూలు వేశారు. బళ్లో పిల్లలకు ఇట్లాగే చెప్పేవారట. ఒక్కో కుర్చీలో ఒక్కో పక్షం కూర్చుని బేరమాడాలి. మాట ఎక్కడ ఆగిపోతే అక్కడ లేచి, ఎదుటివాళ్ల కుర్చీలోకి మారి, అప్పటిదాకా ఎవరిని కాదన్నామో వాళ్ల తరఫున మాట్లాడాలి. నేను లండన్ కంపెనీనయ్యాను. ఆమె దివాను. పక్కన చాయ్ హోటల్ నడిపే యాదయ్యను పిలిచి రెసిడెంటును చేశారు.

కాలు మీద కాలేసుకుని, రైలు కావాలంటే పూచీ రాసివ్వాల్సిందేనన్నాను. వానలు పడక, రైలుకెక్కించే సరుకే లేని ఏడు కూడా నీకు కట్టాలా అని దివాను అడిగారు. వాన సంగతి మీ దేవుడితో మాట్లాడుకోండి, మా కాగితంలో వాన ఊసు లేదన్నాను. నా జవాబుకు నేనే మురిసిపోయాను. యాదయ్యకు మాత్రం తన పనేమిటో అర్థం కాలేదు.

"నేనేం జెయ్యాలె టీచరమ్మా?"

"నువ్వు ఇద్దరికి దోస్తు లెక్కనే కనవడాలె. లైను మాత్రం నీ సిపాయిల పల్టన్లు పోయేటి దిక్కుకే గుంజుకోవాలె."

"గంతేనా? మా బామ్మర్ది రోజు జేసే పనే గదా," అని యాదయ్య సర్దుకుని కూర్చున్నాడు.

కాసేపటికి బేరం చిక్కుపడి ఆగిపోయింది. ఆమె లేచి, జాగా మార్చమన్నారు. నేను దివాను కుర్చీలో కూర్చున్నాను. ఇటు రెసిడెంటుగా యాదయ్య నవ్వు, అటు కంపెనీగా మారి గడియారం చూసుకుంటున్న టీచరమ్మ. కాదంటే రైలు లేదు, అవునంటే కాని కాలానికి కూడా మాటివ్వాలి. ఇంతకుముందు నేనే అన్న వాన మాట ఇప్పుడు నాకే ఎదురొచ్చింది. అప్పుడు తెలిసింది ఆ సంతకం ఎట్లా పడిందో. ఇంతలో దరఖాస్తు టైపు చేయించుకోవడానికి ఒకాయన వచ్చి ఖాళీగా ఉందని స్టూలు మీద కూర్చోబోతే, టీచరమ్మ లేచి తన కుర్చీ ఇచ్చారు. ఆయన పోయాక అది ఎవరి జాగా అని అడిగాను. "బాలయ్యది. ఆయన్ను బేరానికి ఎవ్వరు పిలువలె," అన్నారు. ఎన్నిసార్లు ఆ ఆట ఆడినా స్టూలు ఖాళీగానే ఉండేది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఎనిమిదో అధ్యాయం చివర ఆమె రెండే వాక్యాలు రాశారు. లైను చూడటానికి దొరలొచ్చి డేరా వేసినప్పుడు తాత అక్కడే మట్టి మోస్తున్నాడు. డేరాలో ఏమనుకున్నారో ఆయనకు తెలియదు, ఆయన ఏమనుకున్నాడో డేరాలోవాళ్లు అడగలేదు. అంతే, అధ్యాయం అయిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత పుస్తకం రాసి తాతను మాట్లాడకుండా పంపేస్తారా? నా చేతులు ఊరుకోలేదు. ఆ వాక్యాల కింద అరపేజీ అల్లాను. బాలయ్య గంప దించి, తలగుడ్డ విప్పి దులుపుకుని, నేరుగా డేరాలోకి నడిచాడు. అక్కడున్న అందరి కళ్లలోకీ చూసి, "దొరా, మీ సంతకాలు కాగితం మీద. మా సంతకం భూమి మీద. ఏది నిలుస్తదో చూద్దాం," అన్నాడు. టైపు చేస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది.

అప్పటికి ఆమె కళ్లకు శుక్లాలు. చివరి ప్రూఫు నేను పైకి చదువుతుంటే ఆమె విన్నారు. ఆ పేజీ వచ్చినప్పుడు పాత రెండు వాక్యాలే చదివి తిప్పేశాను. మోసం చేద్దామని కాదు. పుస్తకం అచ్చయి చేతికొచ్చాక ఆ అరపేజీ చూసి మురిసిపోతారని. ఇప్పటికీ నన్ను నేను అట్లాగే సర్దిచెప్పుకుంటాను, పూర్తిగా నమ్మను.

లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ. వెయ్యిమంది వచ్చారు. సరే, అరవైమంది. అందులో పదిమంది చాయ్ కోసం వచ్చినవాళ్లు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి పుస్తకంలోంచి కొంత చదువుతానని లేచి, ఇంకెక్కడా దొరకనట్టు సరిగ్గా ఆ అరపేజీయే ఎత్తుకుంది. తాత డేరాలోకి నడుస్తుంటే హాలంతా ముందుకు వంగింది. సంతకాల మాట దగ్గర చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఈల కూడా పడింది. నా జన్మలో నా మాటకు అన్ని చప్పట్లు పడలేదు. టీచరమ్మ వైపు చూశాను. ఆమె చప్పట్లు కొట్టడం లేదు. ఎవరి గొంతో గుర్తుపట్టడానికి చెవి ఒగ్గినట్టు తల వంచుకుని ఉన్నారు. తర్వాత మెల్లగా లేచి మైకు పట్టుకున్నారు.

"ఆ మాట మా తాత అనలె. అంటె మంచిగుండు, నాకు గూడ చప్పట్లు కొట్టాల్ననిపించింది. కని ఆయన్ను ఆ డేర దగ్గరికి రానిచ్చినోళ్లు లేరు. మల్లొక్కసారి చూసుకోకుంట అచ్చుకిచ్చిన. తప్పు నాది."

నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడనూ లేదు. ముందు వరసలో కూర్చున్న ఒక రిటైర్డు లెక్చరరు పక్కాయనతో, అయితే తతిమ్మాదంతా ఎంత నిజమో అని చిన్నగా అన్నాడు. ఆమె ఏ మాటకు భయపడ్డారో ఆ మాటే. పక్కనే నిలబడ్డ నాకు చిన్నగా వినిపించలేదు.

మర్నాడు షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాను. పొద్దున పదింటికి ఆమె వంగి లోపలికొచ్చారు. తిడితే బాగుండేది. మూలనున్న స్టూలు నడిమికి లాగి, కూర్చోమన్నారు.

"నువ్వు బాలయ్యవు. నేను అంజయ్యను," అని నా కుర్చీలో కూర్చుని, అచ్చం నాలాగే కాలు మీద కాలేసుకుని, నా నవ్వే నవ్వారు. "తాతా, నీ నోట్ల ఒక మంచి మాట వెట్టిన. మంది చప్పట్లు కొట్టిండ్రు. సంబురమేనా?"

నిద్రలో కూడా ఆగని నోరు నాది. జవాబు వెతికాను. తల మీద గంప, నెత్తిన ఎండ, ఎదురుగా డేరా. ఆయనకు అప్పుడు కోపమొచ్చిందా, దాహమేసిందా, ఇంటి దగ్గర ఎవరికైనా జ్వరమా? ఆ డేరాను అసలు చూశాడా? ఏ మాట పెదవి దాకా తెచ్చినా అది నా మాటే అవుతోంది.

"ఏమనాల్నో తెలుస్తలేదు టీచరమ్మా."

"నాకు గూడ తెల్వదు బిడ్డా. అందుకే రాయలె," అన్నారు. అప్పుడు తన సొంత నవ్వు నవ్వారు.

ఆ సాయంత్రమే వాళ్లింట్లో మైదా ఉడికింది. మిగిలిన పుస్తకాలన్నీ చాప మీద పేర్చి, నేను కత్తిరించిన తెల్లకాగితాలు ఆ అరపేజీ మీద అతికించాం. ఆమె వేళ్లతో ఆ మైదా లై రాసేవారు. చూపు ఆనదు కాబట్టి అంచులు నేను సరిచూసేవాణ్ని. అంత జాగా ఖాళీగా ఉంటే బాగుండదు, ఏదైనా పువ్వుబొమ్మయినా వేద్దామన్నాను. ఉండనీయమన్నారు, ఖాళీని కూడా జనం చూడాలి కదా అని. అప్పటికే కొన్నవాళ్ల ఇళ్లకు బకెట్టు పట్టుకుని నేనే తిరిగాను. లెక్చరరు గారింటికి కూడా వెళ్లి, ఆ అరపేజీ రాసింది నేను సార్, ఆమె కాదు అని చెప్పాను. ఆయన నన్నూ బకెట్టునూ చూశాడు. పుస్తకం తెచ్చి ముందు పెట్టి, తనే పేజీ తీశాడు. నెల తర్వాత దుకాణానికి వచ్చి, ఆ ఉత్తరాలు ఎక్కడ చూడొచ్చో టీచరమ్మను అడిగి చెప్పమన్నాడు. ఆ సంగతి చెబితే ఆమె యాదయ్యతో మూడు చాయ్‌లు తెప్పించారు.

టీచరమ్మ పోయి రెండేళ్లు. అప్పుడు అదే లైబ్రరీ హాల్లో సంతాపసభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. కుర్చీల ఆట చెప్పాను, బియ్యం సంచి చెప్పాను. ఆవిష్కరణ రోజు ఆ అరపేజీ చదివిన అమ్మాయి అప్పటికి తనే టీచరు. లేచి, చివర్లో మేడం ఏమన్నారు అని అడిగింది. హాలంతా ముందుకు వంగింది. నా నాలుక మీద ఒక మాట తయారుగా ఉంది. అందులో రైలుంది, గంప ఉంది, తాత ఉన్నాడు. వింటే రాయి కూడా ఏడ్చేది. ఆమె పోయిన పొద్దున నేను కోస్గిలో పెళ్లిపత్రికలు దించుతున్నాను.

"నాకు తెల్వదమ్మా," అన్నాను. "నేను ఆడ లేను."

వచ్చి కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యాదయ్య మాత్రం కొంచెం జరిగి, నాకు జాగా ఇచ్చాడు.