ఓడిపోయి అల్లుణ్ణయ్యాను

ఆ రోజుల్లో కొంపల్లికి ఇంకా మాల్స్ రాలేదు, నాకు ఇంకా బుద్ధి రాలేదు. మాల్సే ముందొచ్చాయి. కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ దగ్గర ఓ మందుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, మా కాలనీవాళ్ళు పెట్టిన రమ్మీ పోటీలో గెలిచి ప్రెషర్ కుక్కర్ ఇంటికి తెచ్చుకున్నాను. ఫైనల్లో నా పదమూడు ముక్కల్లో నాలుగు జోకర్లే. (జోకర్ ఏ ముక్క బదులైనా పనికొస్తుంది. నాలుగుంటే నిద్రలో ఆడినా గెలుపే.) నేను మాత్రం అదంతా నా ఎత్తుగడే అనుకున్నాను. "ఎదుటివాడు విసిరే ముక్కను బట్టి వాడి మనసు చదవాలి" అని క్యాంటీన్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ల్యాబ్‌లో పనిచేసే శామీర్‌పేట అమ్మాయి ఆ పాఠాలు నవ్వుతూ వినేది. ఎందుకు నవ్వుతోందో తెలియదు గానీ ఆ నవ్వు నాకు బాగా నచ్చింది.

ఏడాది తిరిగేసరికి సంగతి పెళ్ళి దాకా వచ్చింది. వాళ్ళ నాయిన "మా అమ్మ ఊ అంటెనే" అన్నాడు. ఆ అమ్మ, అంటే అమ్మాయికి అవ్వ, "గా ఆంధ్ర పిలగాడు ఎసొంటోడో మనకెట్ల తెలుస్తది?" అని పట్టుబట్టిందట. "అవ్వ కొత్తోళ్ళను పత్తాలాడిపిచ్చి చూస్తది, జర పైలం" అని అమ్మాయి హెచ్చరించింది. పత్తాలంటే పేకముక్కలే. నాకు ప్రాణం లేచొచ్చింది. కుక్కర్ గెలిచినవాడికి పేకాటలో పరీక్షా!

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వసారాలో చాప మీద కూర్చున్నాం. అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మొదటి ఆటలో నాకు పడ్డవన్నీ పొంతన లేని ముక్కలు. పడేసి తప్పుకోవచ్చు, కానీ ఛాంపియన్ తప్పుకుంటాడా? చివరిదాకా పట్టుకుని కూర్చున్నాను. అవ్వ ముక్కలన్నీ కలిపి షో చేసింది. "నీకెనభై" అంటూ సుద్దముక్కతో నేల మీద రాసుకుంది. రెండో ఆట మొదలవగానే "నాకొద్దీ ఆట, పడేస్తున్న" అని ముక్కలు బోర్లించింది. ముసలావిడ బెదిరిందనుకున్నాను. మూడోది ఆవిడ గెలిచింది, నాలుగోది మళ్ళీ పడేసింది. చెరి రెండు! మా కాలనీలో ఐదాటల్లో ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్ళదే పోటీ. అందుకే ఓడినప్పుడు కూడా హుషారుగానే ఉన్నాను. ఐదోది కూడా ఆవిడే షో చేసింది. ఒక్క ఆట తేడాయే కదా అనుకుంటుండగా సుద్దగీతలు కూడి చెప్పింది.

"రెండుసార్లు పడేసినందుకు పాతిక పాతిక, నాకు యాభై. మూడుసార్లు ఆఖరిదాక పట్టుకున్నందుకు నీకు రెండువందల పదమూడు. రెండువందలొకటి దాటితే మా ఇంట్ల ఆట ఖతం."

నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను.

అవ్వ కొడుకు వైపు తిరిగి, "గీ పిలగానికి ఆట అస్సలు రాదు" అంది. అమ్మాయి వైపు చూసే ధైర్యం లేక, లేచి చెప్పుల కోసం వెతకసాగాను.

"యాడికి పోతున్నవ్? కూసో. మా ఆయన మస్తు ఆటగాడుండె. ఒక్క ఆట పోతే పత్తాలు నా మొకాన కొట్టెటోడు. ఇంటెడు మందిల అట్ల కొడితే ఎట్లుంటదో నాకే ఎరుక. నువ్వు మూడుసార్లు ఓడి గూడ నవ్వుకుంటనే కూసుంటివి." ఆవిడ సుద్దగీతలు అరచేత్తో తుడిచేసింది. "పిల్లా, పళ్ళెం పెట్టు. బువ్వ తిని పోతడు."

నిజానికి అది శాంతం కాదు, లెక్క తెలియకపోవడం. చివరి నవ్వయితే అసలు నవ్వే కాదు, తెల్లమొహం. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఆవిడతో ఆడాను, ఏ ముక్కలు ఎప్పుడు పడెయ్యాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఈలోగా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ "మా పిల్ల మొగుడు ఎంత మంచోడనుకున్నవ్, కోపమే రాదు" అని చెప్పుకునేది. అంత నమ్మకంగా చెబుతుంటే, వచ్చిన కోపాన్ని మింగక ఏం చేస్తాను? నేను చెప్పకముందే ఆవిడ పోయింది. ఇప్పుడు మా ఆవిడ కూడా నన్ను శాంతపరుడనే అంటుంది. నటన ఎప్పుడు ఆగిపోయిందో, అలవాటు ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. అవ్వను తలచుకుంటే, ఆ నిజం చెప్పేసి ఉండాల్సింది అనిపిస్తుంది. ఆ చాప మీద చెరి రెండని మురిసిపోతూ కూర్చున్న కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, పాపం, వాణ్ణి ఎవరూ లేపి పంపెయ్యనందుకు సంతోషంగానూ ఉంటుంది.