ఆవలి గోడ పక్క చోటు

ఎవరింటికి వెళ్ళినా పాన్‌సోక్ కూర్చునే ముందు నేలమీద అరచెయ్యి ఆనిస్తాడు. పొయ్యి వైపు ఒకసారి, పొగగొట్టం వైపు ఒకసారి. రెండుచోట్లా వెచ్చదనం ఒకేలా ఉంటేనే కూర్చుంటాడు.

నలభై ఏళ్ళుగా ఆ కొండపల్లెల్లో నేలలు వేస్తున్నాడు. వంటింటి పొయ్యి సెగ నేలకింది కాలువల్లో పాకి, ఆవలి గోడ దగ్గర పొగగొట్టంలోంచి పోవాలి. కాలువలమీద పలకరాళ్ళు. పొయ్యి దగ్గర మందం రాళ్ళు, మందం మట్టి. దూరం పోయేకొద్దీ పలచన, తగ్గిన సెగ కూడా పైకి తెలిసేలా. పైన నూనె పట్టించిన కాగితం.

సెగ ముందు తగిలే చోటు ఇంటి పెద్దది. తన ఇంట్లోనూ పొయ్యి వైపు అతను పడుకునేవాడు, ఆవలి గోడ పక్క భార్య పున్నే.

ఆ చలికాలం పున్నే దగ్గుతో, ఆయాసంతో పడకేసింది. పాన్‌సోక్ ఆమెను తన చోట పడుకోబెట్టి, మధ్యాహ్నం ఆమె చోట నడుం వాల్చాడు. చల్లటి నేల. లేచి కూర్చున్నాడు. పెళ్ళి తొందరలో పలచని రాళ్ళు చాలక అక్కడ మందం రాళ్ళే పరిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచే ఇలా?”

“కాపురానికొచ్చిన కాణ్ణించీ.”

“చెప్పవేం?”

“ఊళ్ళోవాళ్ళ నేలలేసి నడుం పడిపోయి వచ్చేవాడివి. నీచేత మళ్ళీ రాళ్ళు మోయించనా?”

జావ తెచ్చిన పక్కింటి చోవోల్ ఊరుకోలేదు. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మేస్త్రీ మావా!”

పున్నే ఒక్కతే నవ్వింది. నవ్వి, దగ్గింది.

“నన్ను నా చోటుకు మార్చవయ్యా. ఇక్కడ వీపు కాలిపోతోంది.”

“అక్కడ మంచుగడ్డలా ఉందే. నాలుగు రోజులాగు, తీసి మళ్ళీ వేస్తా.”

“తడిమట్టి ఆరేసరికి ఎన్నాళ్ళవుతుందో మేస్త్రీ పెళ్ళానికి తెలీదా?”

అతను మార్చలేదు. సెగ ఆవలిదాకా పాకుతుందేమోనని పొయ్యిలోకి దుంగలు తోస్తూనే ఉన్నాడు. పొయ్యి వైపు కాగితం కమిలింది. ఆవలి వైపు చలి తగ్గలేదు.

మూడోరోజు మధ్యాహ్నం పున్నే మోచేతులమీద పాక్కుంటూ తన చోటుకు బయల్దేరింది. ఈసారి అతను ఆపలేదు. ఉన్న దుప్పట్లన్నీ అక్కడ పరిచి, ఆమె పాదాలను తన పొట్టకు ఆనించుకుని పడుకున్నాడు. దీపం పెట్టే వేళకు ఆమె పోయింది.

శవం ఉన్న ఇంట పొయ్యి వెలిగించరు. మర్నాడు పొద్దున చోవోల్ వచ్చేసరికి పున్నే అవతలి గదిలో తెర వెనక ఉంది. పాన్‌సోక్ ఆవలి గోడ పక్క కాగితం కోసి, రాళ్ళు పెకలిస్తున్నాడు.

“ఇప్పుడెవరి కోసం మావా?”

“తప్పు వేశాను,” అని, చేతిలోని రాయిని వాకిట్లోకి మోసుకెళ్ళాడు.