మస్కట్‌లో మా అత్త ఆదివారం

మొన్న శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని సూళ్లూరుపేట బజారులో ఆటో ఎక్కాను. మా చర్చి గుడికి పోనిమ్మంటే ఆటో ఆయన వెనక్కి తిరిగి, "ఏందక్కా, శుక్రవారం నాడు గుడికి పోతుండావు, పెళ్లేమన్నా ఉండాదా?" అన్నాడు. అప్పటికి గానీ నాకు తెలివి రాలేదు. మస్కట్ నుంచి వచ్చేసి ఇన్నేళ్లయినా నా ఒంట్లో ఆ దేశపు వారమే తిరుగుతోంది. సిగ్గుపడి దిగిపోయి, ఇంటికొచ్చి, చీర మార్చుకునే ఓపిక కూడా లేక మంచం మీద కూలబడ్డాను. ఆ తెల్లచీరతో అట్లా కూర్చుంటే మా అత్త గుర్తుకొచ్చింది.

నేనక్కడ ఆసుపత్రిలో నర్సుని. మా ఆయనకు ఒక గోడౌన్లో పని. ఆ దేశంలో సెలవు శుక్రవారం, ఆదివారం అందరూ పనికి పోవాల్సిందే. అందుకని అక్కడి తెలుగు క్రైస్తవులందరం ఆరాధన కూడా శుక్రవారానికే పెట్టుకున్నాం. మొదట్లో ఎబ్బెట్టుగా ఉండేది, తరవాత అలవాటైపోయింది. పరాయి దేశంలో మనిషికి అన్నీ అలవాటవుతాయి. ఆ ఎండ, ఆ ఇసుక, ఏసీ గాలికి పులవని దోసెల పిండి, లిఫ్టులో ఎదురుపడినా పలకరించని ఇరుగుపొరుగు, అన్నీ. అలుపొక్కటే నాకు అలవాటు కాలేదు. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి కాళ్లు నావో కావో తెలిసేది కాదు. పాప పుట్టాక, నా సెలవు అయిపోవస్తోందని వాకాడు దగ్గరి పల్లె నుంచి మా అత్తను పిలిపించుకున్నాం. ఆమె రాకపోతే నేను ఉద్యోగం మానుకోవాలి. ఇద్దరం పనిచేస్తే తప్ప జరిగే సంసారం కాదు మాది.

మా అత్తకు ఆదివారమంటే ఆదివారమే. ఊళ్లో శనివారం సాయంత్రమే చేపల పులుసు కాచి మూతపెట్టేది. ఆదివారం పొయ్యి వెలిగించదు, చీపురు ముట్టదు, రెండో గంట కొట్టకముందే గుడిలో ముందు చాప మీద ఉంటుంది. చేపల పులుసు మర్నాటికి గానీ రుచి రాదంటారు మా నెల్లూరోళ్లు. ఈ నమ్మకానికీ మా అత్త భక్తికీ ఎక్కడో చుట్టరికం ఉందని నా అనుమానం. అట్లాంటి మనిషిని తీసుకుపోయి శుక్రవారం ఆరాధనలో కూర్చోబెట్టాం. పాటలు పాడింది, ప్రసంగం విన్నది. ప్రభు భోజనం వేళకు రొట్టె పళ్లెం ముందుకొస్తే మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక మా ఆయన ఇదేందమ్మా అని అడిగితే, "అబ్బయా, శుక్రవారం ఆయన్ని చంపినారు, ఆదివారం లేచినాడు. చంపిన రోజు పండగ చేసుకుంటారంట్రా ఎవురన్నా?" అనింది.

ఆదివారాలు మేమిద్దరం పనికి పోతే, ఆమె తెల్లచీర కట్టుకుని, పాపను ఒళ్లో వేసుకుని, కిటికీ దగ్గర ఒక్కతే పాడుకునేది. గంట లేదు, ఆమెన్ అనే మనిషి లేడు. కొన్ని నెలలు ఓర్చుకుంది. ఒకనాడు నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, "నన్ను పంపించెయ్యి మే. ఆదివారం లేని ఊళ్లో నాకు ఊపిరాడలా" అని ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, సగం బాధ ఆమె కోసం, సగం నా కోసం. ఆమె పోతే పాపను ఎవరి చేతుల్లో పెట్టాలి?

మా వార్డులో కేరళ సిస్టరొకామెకు శుక్రవారం సెలవు కావాలి. ఆమెకు నా శుక్రవారం ఇచ్చి, ఆమె ఆదివారం నేను తీసుకున్నాను. ఇక మా ఆయనకూ నాకూ కలిసి ఒక్క సెలవు లేదు. "ఇంక గోడ మీద చీటీలు అంటించుకోని మాట్లాడుకోవాల్సిందే" అని ఆయన నవ్వాడు గానీ మొహం చిన్నబోయింది. అత్త మాత్రం చిన్నపిల్ల మాదిరి సంబరపడింది. శనివారమే వంజరం చేప ముక్కలతో పులుసు కాచింది, అన్నం కూడా వండి పెట్టింది.

ఆ ఆదివారం మా ఆయన పనికి పోయాక ఇద్దరం తెల్లచీరలు కట్టుకుని చాప మీద కూర్చున్నాం. ఆమె పాట ఎత్తుకుంది. నేను గోడకానుకుని గొంతు కలిపాను. రెండో చరణం దాకా గుర్తుంది. కళ్లు తెరిచేసరికి ఎండ పడమటి గోడ మీదికి వచ్చేసింది. నా తల కింద దిండు ఉంది. వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది! పోయి చూద్దును గదా, అత్త చెంగు బొడ్లో దోపుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. నా యూనిఫారాలన్నీ ఉతికి బాల్కనీలో ఆరేసి ఉన్నాయి.

"అత్తా, ఈరోజు ఆదివారం" అన్నాను.

"తెలుసులే మే" అనింది, వెనక్కి తిరక్కుండానే. "పాట మధ్యలోనే ఒరిగిపోతివి. పాప ఏడ్చినా లేవలా. మొహం చూడబోతే పీక్కుపోయుండాది. నీకు చల్లన్నం పెట్టేదానికి నాకు మనసొప్పలా. విశ్రాంతి దినం, విశ్రాంతి దినం అని నేను పట్టుకోని కూర్చుంటి గానీ, ఈ ఇంట్లో అది కావాల్సింది నీకు గదా!"

నాకు ఏడుపాగలేదు. ఆ వేడన్నంలో నిన్నటి పులుసు పోసి నా ముందు పెట్టి, నేను తినేదాకా పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగింది. తిన్నాక, "మళ్లా శుక్రవారమే తీసుకో సెలవు. మొగుడూ పెళ్లాం ఒక రోజన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోవాల" అని తీర్పు చెప్పేసింది.

కేరళ సిస్టరును బతిమాలుకుని నా శుక్రవారం వెనక్కి తీసుకున్నాను. తరవాతి ఆరాధనలో రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. నేను అత్త వైపు చూడకుండా తల వంచుకున్నాను. పక్కనుంచి ఆమె చెయ్యి ముందుకు సాగింది. ఆ పల్లెలో ఆదివారం తప్ప ఇంకో రోజు చాచని చెయ్యి అది.

పాప బడికి పోయేదాకా ఆమె మా దగ్గరే ఉంది. ఆమె ప్రభువు దగ్గరికి పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకు వారంలో ఏడు రోజులూ సెలవే. కానీ నా నిద్రకు కాపలా కాయడానికి ఆమె లేదు కదా, ఆ మధ్యాహ్నం పోయినంత నిద్ర మళ్లీ ఏ రోజూ నాకు పట్టలేదు.