కోతకొచ్చిన ద్రాక్షతోట

మా అక్కవాళ్ల చేలో ఇప్పుడు మొక్కజొన్న ఉంది. పెనుకొండ నుంచి హిందూపురం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డుకు కాస్త ఎడంగా కనిపిస్తుంది. గట్టు మీద స్తంభాల్లాంటి రాతికూసాలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. తెలియనివాళ్లు ఎవరో ఇల్లు కట్టుకోవడానికి తెచ్చిన రాళ్లనుకుంటారు. అవి ఒకప్పుడు ద్రాక్ష పందిరిని మోసిన కూసాలు.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక కూడా నేను ఆ ఊళ్లోనే, ఆ పనిలోనే ఉన్నాను. మావాళ్లలో భూమి ఉన్నవాళ్లు తక్కువ. అక్కను పెనుకొండ అవతల పల్లెలో సేద్యం ఉన్న ఇంటికి ఇచ్చినప్పుడు అమ్మ పొంగిపోయింది. నాయన ఒక్కడే, ఎండ ఎరగని పిల్ల చేలో ఎలా పని చేస్తుందని నసిగాడు. నాలుగు రోజులు బావతో మాట్లాడాక ఆయన కూడా ఊరుకున్నాడు. బావ నెమ్మదస్తుడు. గొంతెత్తి మాట్లాడడం నేను వినలేదు. వాళ్ల పాప పుట్టిన ఏడాది వేరుశనగ చేనును ద్రాక్షతోటగా మార్చాడు. నల్ల ద్రాక్ష. మూడో ఏటికి పందిరి నిండింది. అప్పటి నుంచి ఊళ్లో అందరూ ఆయన్ను ద్రాక్షాయన అనడం మొదలుపెట్టారు. పిలిచిన ప్రతిసారీ లోపల సంతోషం దాచుకోలేక తల దించుకునేవాడు.

నేను చెప్పేది కరోనా సద్దుమణిగాక వచ్చిన చలికాలం సంగతి. పట్టు ధర విపరీతంగా పెరిగి మా మగ్గం నిలిచిపోయింది. మా ఆయన బత్తలపల్లిలో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేక నేను అక్క దగ్గరికి వెళ్లాను. పది రోజులుందామనుకున్నదాన్ని కోత దాకా ఉండిపోయాను.

కోతకు ముందు ద్రాక్షతోట పసిబిడ్డ ఉన్న ఇల్లులాంటిదని నాకు అప్పుడే తెలిసింది. తెల్లవారేసరికి మంచు కమ్మేసి పక్క సాలు కనిపించేది కాదు. గుత్తుల మీద నీళ్లు నిలిచి ఉండేవి. బావ ముందు, మేమిద్దరం వెనక, పందిరి తీగలను పట్టుకుని మెల్లగా ఊపుకుంటూ పోయేవాళ్లం. నీళ్లు మా నెత్తిన, మెడలో పడేవి. గుత్తిని కప్పుతున్న ఆకులను తుంచి గాలి తగిలేలా చేసేవాళ్లం. మొదళ్ల దగ్గర చీమలు బారులు తీరితే బావకు కంగారు. చీమలున్నచోట తెల్లటి పిండినల్లి ఉంటుంది. అది పట్టిన గుత్తి జిగురుజిగురుగా అయిపోతుంది. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి బెరడు తుడిచేవాళ్లం. కోత దగ్గర పడ్డాక బావ మందు కొట్టేవాడు కాదు.

"మన పాప కూడా ఈ కాయే తింటాది గదా" అనేవాడు.

కాయలు కొరికిపోయే చిలకల బాధ పడలేక అక్క నన్ను ఒకసారి ధర్మవరం పంపి, మా వీధిలో పాత చీరలు మూటగట్టించి తెప్పించింది. తోటకు ఉత్తరం వైపు వాటిని తెరల్లా కట్టాం. చలిగాలి కూడా ఆగుతుందని అక్క మురిసిపోయింది. రెండు రోజులకే బావ వాటిని విప్పేశాడు.

"ఏమయ్యా, అంత కష్టపడి కడితే విప్పుతాండావు?" అంది అక్క.

"ఆ పక్క గుత్తులు మధ్యాన్నం దాకా తడి ఆరల్యా. గాలి రావల్ల. తడి నిలిస్తే బూజు పడతాది."

"మరి చిలకలు తినిపోతే?"

"అవి తిన్నంత తింటాయి. బూజు ఒక్క కాయకు పట్టినా గుత్తంతా పాయె."

అక్క మూతి ముడుచుకుంది. సాయంత్రానికి తనే ఒక పాత పళ్లెం, గరిటె తీసుకుని పందిరి కింద చప్పుడు చేస్తూ తిరిగింది. పాప వెనకాలే చప్పట్లు కొడుతూ తిరిగింది. బావ గట్టు మీద కూర్చుని నవ్వాడు. ఆ తోటలో ఆయన నవ్వును నేను చూసింది అదే ఆఖరు.

మాఘం వచ్చింది. మంచు తగ్గింది. గుత్తులు నల్లగా, పైన బూడిద రాసినట్టు తయారయ్యాయి. బెంగళూరికి పంపే వ్యాపారి ఒకడు వచ్చి చూసి, గురువారం లారీ తెస్తానన్నాడు. అది సోమవారం. ఆ సాయంత్రమే టీవీలో మద్రాసు వైపు వాయుగుండం సంగతి చెప్పారు.

"అయినకాడికి రేపే కోసేద్దామయ్యా. ఆటోలో హిందూపురం ఏసకపోదాం" అంది అక్క.

బావ ఒక కాయ తెంపి నోట్లో వేసుకున్నాడు. నమిలి గింజను అరచేతిలోకి ఉమ్మి చూశాడు.

"లోపల ఇంకా పులుపు ఉండాది. మూడు దినాలు ఎండ తగిలితే చాలు."

"ఎండ తగలకపోతే?"

"మాఘంలో మనకు వాన యాడ వస్తాది? పుల్ల కాయ నా తోట నుంచి పోకూడదు."

మంచి కాయ పండించడంలో బావకున్న పట్టింపు అక్కకు తెలుసు. ఆ పట్టింపంటే ఆమెకు గర్వం కూడా.

బుధవారం సాయంత్రం మబ్బు కమ్మింది. ముందు తుంపర, తర్వాత ఆగకుండా వాన. వరండాలో నిలబడి ముగ్గురం చూస్తూ ఉండిపోయాం. బావ ఒకటి రెండుసార్లు గొడుగు తీసుకుని మెట్లు దిగి, మళ్లీ ఎక్కాడు. వెళ్లి చేయగలిగింది ఏమీ లేదు. గురువారం కూడా కురిసింది. లారీ రాలేదు.

శుక్రవారం తెరిపిచ్చాక తోటలోకి వెళ్లాం. నీళ్లు తాగి ఉబ్బిన కాయలు చిట్లిపోయాయి. పైకి బాగున్న గుత్తిని చేతిలోకి తీసుకుంటే లోపల మెత్తగా తగిలేది. మర్నాటికి చిట్లినచోట బూడిదరంగు నూగులా బూజు లేచింది. తోటంతా పుల్లటి వాసన. ఈగలు, కందిరీగలు ముసురుకున్నాయి. చెడిన కాయలను కత్తెరతో తీసేస్తూ బాగున్నవాటిని వేరు చేయడానికి దిగాం. ఒక గుత్తి బాగుచేసి పక్కదానికి పోయేసరికి మొదటిదానిలో ఇంకో కాయ చిట్లేది.

ఆదివారం వ్యాపారి బైకు మీద వచ్చాడు. లోపలికి రాలేదు. గట్టు మీద నుంచే చూసి, కూలికొచ్చిన ఆడవాళ్లు వింటుండగా అన్నాడు:

"ఏమప్పా, కాయ పండియ్యడం ఒగటే తెలిస్తే సాలదు, కొయ్యడం గూడా తెలియల్ల. ఇది పందులకేసుకో."

బావ చేతిలో కత్తెర అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అక్కే గట్టిగా, "నీ దోవన నువ్వు పోప్పా" అని అతన్ని పంపించేసింది.

అంత పాడైనా, ఏరగా ఏరగా కొన్ని బుట్టల మంచి కాయ మిగిలింది. బావ కోరుకున్న మూడు రోజుల ఎండ దానికి వాన వెలిశాక తగిలింది. సోమవారం అక్కా నేనూ వాటిని ఆటోలో వేసుకుని హిందూపురం తీసుకుపోయాం. బావను రమ్మంటే, ఒళ్లు నొప్పులని రాలేదు. మార్కెట్టు దగ్గర రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాం. అక్కకు మొదట సిగ్గేసి కొంగు నెత్తిన కప్పుకుంది. సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడే ఒక పెద్దామె రెండు కాయలు నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"యాడ తోటమ్మా ఇది? ఇంత తీపి కాయ ఈ ఏడు నేను తిన్లేదు."

ఆమె కొనుక్కుని, పక్కవీధి వాళ్లను కూడా పంపింది. మధ్యాహ్నం తిరగకముందే బుట్టలు ఖాళీ అయ్యాయి. అక్క ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది. బస్సులో నా భుజానికి ఆనుకుని కూర్చుని చెప్పుకుంటూ పోయింది. వచ్చే ఏడు కత్తిరింపులు ముందే చేసుకోవాలట. వ్యాపారి కోసం చూడకుండా రోజూ కొంచెం కొంచెం కోసుకుని తామే అమ్ముకోవాలట. "ఆ పెద్దామె మాట మీ బావకు చెప్పల్ల. ఆయప్ప మొగం సూడల్ల అప్పుడు" అంది.

బస్సు దిగి చేను వైపు నడిచాం. దూరం నుంచి తోట పచ్చగానే కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే బావ ఒక కూసానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన గొడ్డలి. మొదటి సాలు నుంచి చివరి సాలు దాకా ద్రాక్ష మొదళ్లన్నీ మోకాలి ఎత్తున నరికేసి ఉన్నాయి. పైన ఆకులు ఇంకా వాడలేదు. కింద ఏం జరిగిందో వాటికింకా తెలిసినట్టు లేదు.

అక్క చేతిలోని బుట్టలు కింద పెట్టింది. ఒక మొదలు దగ్గర కూర్చుని, తెగినచోట ఊరుతున్న నీటిని కొంగుతో తుడిచింది. ఒకటి తుడిచి ఇంకోదాని దగ్గరికి వెళ్లింది.

"లేయ్, ఇంటికి పోదాం" అన్నాడు బావ.

"అందరూ బాగుండాయన్నారు కాయలు" అంది అక్క, ఆయన వైపు చూడకుండా.

ఆయన గొడ్డలిని అక్కడే వదిలేసి మాకంటే ముందు ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను ధర్మవరం వచ్చేశాను. తర్వాతి సంగతులు అక్క ఫోనులో చెప్పింది. ఆకులు ఎండి రాలడానికి వారం పట్టిందట. ఉగాది దాటాక, నరికిన మొదళ్లలో చాలావాటి నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి. అక్క ఆశపడింది. డ్రిప్పు తిప్పి కొన్ని రోజులు నీళ్లు కూడా పెట్టింది. ఇలా వచ్చిన చిగురును కట్టుకుంటే రెండేళ్లలో మళ్లీ పందిరి ఎక్కుతుందని చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెప్పారు. ఆ మాట బావతో చెప్పడానికి సమయం కోసం చూసింది. ఆయన తోట పేరెత్తితే లేచి బయటికి పోతున్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే ఒకరోజు బావ పిలిపించిన జేసీబీ వచ్చింది. కూసాలు, తీగలు, మొదళ్లు అన్నీ లేచిపోయాయి.

"ఒక్క దినం ముందు సెప్పింటే ఇనేవాడేమో మే" అంది అక్క ఫోనులో. ఆ మాట ఇప్పటికీ అంటూ ఉంటుంది.

అదే వానకు, వాళ్ల చేనుకు రెండు చేల అవతల ఒకాయన తోట కూడా అలాగే పాడైంది. ఆయన కుళ్లిన గుత్తులన్నీ తీసి దూరంగా గుంతలో పూడ్చేసి, తీగ కత్తిరించి ఊరుకున్నాడు. మరుసటేడు ఆ తోట విరగకాసింది. పాప పుట్టినరోజుకు బావ స్వయంగా ఆ తోట నుంచే ద్రాక్ష కొనుక్కొచ్చాడు. పిల్లలందరికీ పంచాడు. తను మాత్రం ఒక్క కాయ కూడా నోట్లో వేసుకోలేదు.

బావ మంచి సేద్యగాడే, ఇప్పటికీ. మొక్కజొన్న చక్కగా పండిస్తాడు. కానీ మొక్కజొన్న ఎవరు పండించినా ఒకటే. ఊళ్లో ద్రాక్షాయన అనే పిలుపు కూడా మెల్లగా పోయింది.

పోయిన చలికాలం నేను వెళ్లినప్పుడు బావా నేనూ చేను దాకా నడిచాం. మంచు అప్పుడే విడుస్తోంది. బావ గట్టు మీద పడి ఉన్న ఒక కూసం దగ్గర ఆగాడు. తర్వాత, ఎవరో అడిగినట్టు, తనే అన్నాడు:

"ఆ పొద్దు మీరు వచ్చేదాకా ఆగింటే బాగుండు."

నేను తల ఊపాను. హిందూపురంలో ఆ పెద్దామె అన్న మాట ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. ఇప్పుడు చెబితే ఆయనకు ఇంకా కష్టమవుతుందేమో అనిపించి మానుకున్నాను.

"పోదాం పామ్మా, మీ అక్క రొట్టెలు చేసింటాది. సల్లారిపోతాయి" అని ఆయన వెనక్కి తిరిగాడు. ఇద్దరం మొక్కజొన్న పక్కన గట్టు మీదుగా ఇంటికి నడిచాం.